తొమ్మిది గుడ్డలు

ఇంజను విప్పితే ఎక్కడ చూసినా కన్నాలే. ఆ కన్నాల్లో ఒక్క నట్టు జారిపడిందంటే మెకానిక్కుకి ఆ పూట తిండి ఉండదు. అందుకని లెక్కల మేస్త్రి ఏ ఇంజను విప్పినా, విప్పిన కన్నంలో విప్పినట్టే గుడ్డ కుక్కేవాడు. కుక్కడానికి గుడ్డ తీసినప్పుడల్లా షెడ్డు గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. బిగించేటప్పుడు ఒక్కో గుడ్డా బయటికి లాగి ఒక్కో గీతా చెరిపేవాడు. గోడ మీద గీత మిగిలి ఉండగా ఆ షెడ్డులో ఏ ఇంజనుకీ మూత పడలేదు.

ఈ లెక్క అతని సొంత తెలివేం కాదు, పెళ్ళాం దగ్గర నేర్చుకున్నది. ఆవిడ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటరు నర్సు. కొయ్యబోయే ముందు బల్ల మీద ఎన్ని గుడ్డలు పెట్టారో, కుట్లు వెయ్యబోయే ముందు అన్నీ బయటికొచ్చాయో లేదో చూడటం ఆవిడ పని. పెళ్ళయిన కొత్తలో మాటల మధ్య ఆవిడ ఆ సంగతి చెప్పినప్పుడు, కొత్త పెళ్ళికొడుకు మిగతావి విన్నాడో లేదో గానీ అది మాత్రం చెవిన వేసుకున్నాడు. గుడ్డలు కూడా అక్కడివే. అరిగిపోయి పక్కన పడేసే ఆకుపచ్చ గుడ్డల్ని ఆవిడ అడిగి తెచ్చి, ఉడికించి, చదరాలుగా కత్తిరించి ఇచ్చేది. మిగతా షెడ్డుల్లో చిరిగిన బనీన్లు వాడుతుంటే మన మేస్త్రి దగ్గర ఆసుపత్రి ఆకుపచ్చ. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు "ఇంజనుకి మత్తుమందు ఎప్పుడిస్తారు మేస్త్రీ?" అని ఆటపట్టించేవాళ్ళు. వాళ్ళ వేళ్ళ మీద స్పానరుతో ఒక్కటి తగిలించి "లెక్కంటే లెక్కే" అనేవాడు. పేరు అలా పడిపోయింది.

ముప్ఫయ్యేళ్ళలో ఒక్క గుడ్డ లోపల మిగల్లేదు. ఈ మాట అతను అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు. మనిషికి చెప్పుకోడానికి ఒకే ఒక్క గొప్ప ఉంటే దాన్ని కాస్త ఎక్కువగానే అరగదీస్తాడు.

ఒక మంగళవారం పొద్దున బస్సు డ్రైవరు వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. డ్రైవరని పిలవడమే గానీ రెండేళ్ళుగా అతను బస్సు తోలడం లేదు. డిపో గేటు పక్కన చెక్కగదిలో కూర్చుని వచ్చే పోయే బస్సుల టైము రాస్తున్నాడు. నెలాఖరుకి రిటైరవుతున్నాడు.

"మేస్త్రి గారూ, మా బావ కారుకి ఇంజను చూడాలి. నాకు తెలిసినచోటల్లా వెతుకుతున్నాను. ఏది పెడితే బాగుంటుందో మీరు చెప్పండి చాలు. నెలాఖరులోగా అయిపోవాలి" అన్నాడు.

ఆ కారు సంగతీ ఆ బావ సంగతీ చెప్పకపోతే మనం ఇక్కడి నుంచి కదల్లేం.

బావంటే డ్రాయింగు మాస్టారు. ఇరవై ఏళ్ళ కిందట ఎక్కడో పాత బంగళా పడగొడుతుంటే, వెనక కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న రెండు సీట్ల బ్రిటిష్ కారు ఆయన కంట పడింది. మీగడ రంగు, పొడుగాటి ముక్కు, నెత్తిన కప్పు లేదు. దాన్ని కొని, కోళ్ళని లేపి, ఇంటికి తోలించుకున్నాడు. అప్పట్నుంచీ ఆదివారమొస్తే దాన్ని తుడుచుకోవడం, దాని బొమ్మ గీసుకోవడం, పక్క సీట్లో బావమరిదిని కూర్చోబెట్టుకుని కొండదారి దాకా వెళ్ళి రావడం. ఉన్నవి రెండే సీట్లు కాబట్టి అక్కగారికి చోటుండేది కాదు. "నా మొగుణ్ణీ నా తమ్ముణ్ణీ కలిపి ఎత్తుకుపోయిందమ్మా ఈ మాయలాడి" అని గేటు దగ్గర నిలబడి ఆవిడ వేళాకోళం చేసేది. బావమరిది బతకగోరును అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆ ఇద్దరూ ఒకరికొకరు ప్రాణం.

నాలుగేళ్ళ కిందట ఆ కారు పొగ కక్కడం మొదలుపెడితే లెక్కల మేస్త్రే ఇంజను మొత్తం విప్పి, బోరు చేయించి, మళ్ళీ బిగించాడు. ఎనిమిది నెలలు సుబ్బరంగా తిరిగింది. తరవాత మాస్టారికి కంటి ఆపరేషనైంది. కారు నిలబడిపోతే పాడవుతుందని ఆయనే బావమరిది చేతికి తాళాలిచ్చి, ఒక చుట్టు తిప్పుకురమ్మన్నాడు. కొండదారిలో సగం ఎక్కాక ఇంజను టకటకా కొట్టుకుని పట్టేసింది. కారు రెండు రోజులు ఆ ఎత్తులో ముక్కు పైకెత్తుకుని అలాగే ఉండిపోయింది. మూడోరోజు లారీ మీద షెడ్డుకొచ్చింది.

మేస్త్రి ఆయిల్ కడ్డీ లాగి చూశాడు. కడ్డీకి తడి లేదు. దాన్ని తీసుకెళ్ళి నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న మాస్టారి మొహం ముందు పెట్టి, "ఆయిల్ చూసుకోకుండా తోలితే ఇంతేనండీ. ఇంజను విప్పి చూడాల్సిన పని కూడా లేదు" అన్నాడు.

"చూశాను బావా! బయల్దేరేముందు చూశాను, నిండుగా ఉంది" అని డ్రైవరు మొత్తుకున్నాడు.

"ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉన్న మేస్త్రి అబద్ధం చెబుతున్నాడా? కారుకే దిక్కులేదు, నీ చేతికి యాభైమందితో బస్సెలా ఇచ్చార్రా?" అన్నాడు మాస్టారు.

ఆ మాట దిగినచోట మానలేదు. కారు ముసుగేసుకుని వసారాలో ఉండిపోయింది. తమ్ముడు అక్క గడప తొక్కడం మానేశాడు. మూడేళ్ళయింది.

అందుకే ఇప్పుడు మేస్త్రి కాస్త ఆశ్చర్యంగా అడిగాడు. "మాస్టారు ఒప్పుకున్నారా?"

"అక్క ఒప్పించింది. తెస్తే తెమ్మను, వాడితో మాత్రం మాట్లాడను అన్నాట్ట. మాట్లాడకపోయినా ఫర్లేదు మేస్త్రి గారూ. కారు నడిస్తే చాలు. తప్పు నాదే కదా" అన్నాడు డ్రైవరు. ఆ ఆఖరిమాట అతను చాలాసార్లు అనుకుని అనుకుని వాడుకలో పెట్టుకున్న మాటలా వచ్చింది. మేస్త్రి "సరే, పంపించండి" అన్నాడు. అప్పటికి అతని మనసు మంచినీళ్ళంత తేటగా ఉంది.

మర్నాడు కారొచ్చింది. గొలుసు కప్పీ కట్టి పాత ఇంజను పైకి లేపి బల్ల మీద దించాడు. ఇదే కంపెనీ ఇంజను ఏది తెచ్చినా ఈ కారు ముందు ఇరుసుకి తగలకుండా కూర్చోవాలంటే, కింద ఆయిల్ నిలిచే తొట్టి మాత్రం పాతదే తీసి దానికి వేసుకోవాలి. అందుకని ఇంజను తిరగేసి, చుట్టూ బోల్టులు తీసి, తొట్టి ఊడదీశాడు.

తొట్టిలో మునిగి ఉండి ఆయిల్ పీల్చే గొట్టం ఒకటుంటుంది. దాని మూతికి జల్లెడలాంటి జాలి. ఆ జాలికి ఏదో నల్లగా, జిగటగా అతుక్కుపోయి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకితే రాలేదు. వేళ్ళతో పట్టి లాగితే వచ్చింది. కిరసనాయిల్లో ముంచి పిండాడు. నలుపు కొంత దిగింది. మళ్ళీ పిండాడు. లోపల్నుంచి ఆకుపచ్చ బయటపడింది.

లోకంలో ఆకుపచ్చ గుడ్డలు సవాలక్ష ఉంటాయి. ఇంజన్లో ఆకుపచ్చ గుడ్డ కుక్కే మొనగాడు మాత్రం ఆ చుట్టుపక్కల ఒక్కడే.

గుడ్డని బల్ల మీద పరిచి చూశాడు. మూడువైపులా కత్తెర అంచు. నాలుగోవైపు చింపిన అంచు. అది చూడగానే అతనికి ఆ రోజు మొత్తం గుర్తుకొచ్చింది. ఆయిల్ కిందికి దిగే చిన్న కన్నాలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. నిండు గుడ్డ వాటికి ఎక్కువైంది. ఒక గుడ్డని పళ్ళతో పట్టి రెండు ముక్కలుగా చింపి, చెరో కన్నంలోనూ చెరో ముక్కా దోపాడు. తీసింది ఒక్క గుడ్డే కాబట్టి గోడ మీద ఒక్క గీతే గీశాడు. మొత్తం తొమ్మిది గీతలు, పది ముక్కలు. బిగించేటప్పుడు తొమ్మిది లాగాడు, తొమ్మిది గీతలు చెరిపాడు. గోడ శుభ్రం. సరిపోయిన లెక్కని మళ్ళీ ఎవడు చూస్తాడు? లెక్క లేని మెకానిక్కైతే బ్యాటరీ లైటేసి కన్నం కన్నం తడుముకునేవాడు. ఇతనికి లెక్క ఉంది. ఆ లెక్కే కొంప ముంచింది. ఆ ముక్క కన్నంలోంచి లోపలికి జారి, ఎనిమిది నెలలు ఆయిల్లో ఈదులాడి, కొండ ఎక్కేటప్పుడు జాలికి అడ్డం పడి ఇంజను గొంతు నొక్కింది.

మరి కడ్డీకి తడి ఎందుకు లేదు? ఇది మరీ సిగ్గుచేటు. ఆ కాలం బ్రిటిష్ ఇంజన్లకి వెనకవైపు సరైన సీలు ఉండదు. ముక్కు పైకెత్తి నిలబెడితే వెనకనుంచి కారుస్తూనే ఉంటాయి. కింద మరక లేదంటే లోపల ఆయిల్ లేదని అర్థం అని మెకానిక్కుల్లో ఒక జోకు. లెక్కల మేస్త్రి ఆ జోకు కనీసం వందమందికి వేసుంటాడు. రెండు రోజులు కొండ ఎత్తులో నిలబడ్డ కారు కడ్డీ చూసి మాత్రం ఆ జోకు గుర్తు రాలేదు. ఎందుకు వస్తుంది? తను బిగించిన ఇంజను కదా. తప్పు తనది కాకూడదంటే ఇంకెవడిదో ఒకడిది కావాలి. ఎదురుగా డ్రైవరు నిలబడి ఉన్నాడు.

గుడ్డముక్కని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా సాయంత్రం దాకా బల్ల ముందే కూర్చున్నాడు. ఆ రోజు ఇంకో పని ముట్టలేదు.

గురువారం డ్రైవరు మళ్ళీ వచ్చాడు. కాలికి బలపం కట్టుకుని ఎక్కడెక్కడ తిరిగాడో గానీ, బస్సుల టైము రాసే కాగితాల వెనక మూడు ఇంజన్ల వివరాలు రాసుకొచ్చాడు. అక్షరాలు స్కూలుపిల్లల కాపీలా పొందిగ్గా ఉన్నాయి.

"ఒకటి, ఇదే కంపెనీవాళ్ళు ఇంట్లోవాళ్ళు తిరిగే పెద్దకారుకి వేసిన ఇంజను. బ్లాకు ఇదే. బోల్టుకి బోల్టు సరిపోతుంది, కానీ జోరు తక్కువంట. రెండోది, ఇదే రెండు సీట్ల కారు తరవాతి మోడలుది. క్రాంకుకి ఐదు బేరింగులు, గట్టిది. కాకపోతే ముందు ఇంజను కూర్చునే ఇనప దిమ్మలు కోసి మళ్ళీ అతకాలి. మూడోది జపాన్ ఇంజను, ఐదు గేర్లతో సహా. తేలిక, చుక్క ఆయిల్ కారదు. కానీ బానెట్ లేపితే బావకి కారు మొహంలో వేరే మనిషి మొహం కనబడుతుందేమో." ఇదంతా చెప్పి అతను మేస్త్రి కళ్ళలోకి చూశాడు. "మీరేమంటారు?"

మేస్త్రి ఏమంటాడు? మామూలుగానైతే ఇలాంటి ప్రశ్న మీద రెండు గంటలు మాట్లాడగలడు. మొదటి ఇంజను ఒప్పుకుంటే పాతదాని తొట్టి కడిగి దానికి వెయ్యాలి, కార్బురేటరు తియ్యాలి, డ్రైవరు పక్కన నిలబడి చూస్తాడు. రెండోదైనా అంతే. జపానుదైతే పాతదాని మేకు కూడా అక్కర్లేదు. పాత ఇంజను పాతసామాన్ల లారీ ఎక్కుతుంది, దానితోపాటు సంగతీ పోతుంది.

"జపానుది పెట్టించండి. కళ్ళుమూసుకుని తోలుకోవచ్చు" అన్నాడు.

డ్రైవరు కాసేపు కాగితాలు సర్దుకున్నాడు. "ఒకటడుగుతాను, ఏమనుకోకండి. అసలు పాతదాన్నే బాగుచెయ్యలేమా? బావకి దాని చప్పుడంటే ఇష్టం."

"లాభం లేదండీ. బ్లాకు చీలిపోయింది."

బ్లాకంటే ఇంజను మొండెం. అది చీలలేదు. నిక్షేపంలా ఉంది. లోపల తిరిగే క్రాంకు గీసుకుపోయింది, సాన పట్టిస్తే సరి. రెండు బేరింగులు కరిగాయి, కొత్తవి దొరుకుతాయి. మూడేళ్ళ కిందటిది తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చెప్పిన అబద్ధం. అది నోట్లోంచి జారిన తీరుకి మేస్త్రికే భయమేసింది, అంత నున్నగా జారింది.

డ్రైవరు నమ్మేశాడు. బల్ల మీదున్న ఇంజను మీద చెయ్యేసి, "అయితే దీన్ని నేనే చంపాను" అన్నాడు. అని, ఎవరూ అడక్కుండానే చెప్పుకొచ్చాడు. "ఆ రోజు కడ్డీ తీసి చూసినట్టు నాకు బాగా గుర్తుందండీ. ఆయిల్ ప్రెషరు ముల్లు పడిపోగానే ఆపాను కూడా. కానీ మీరు చెప్పాక, బావ నమ్మాక, నాకే అనుమానమొచ్చింది. చూశాననుకుని చూడలేదేమో. అప్పట్నుంచి బస్సెక్కితే ఒకటే బెంగ. బయల్దేరేముందు కడ్డీ తీసి చూసేవాణ్ణి. సీటెక్కి, మళ్ళీ దిగి చూసేవాణ్ణి. గేటు దాకా వెళ్ళి ఆపి ఇంకోసారి. ట్రిప్పుకి మూడుసార్లు. వెనకనుంచి జనం తిట్లు. బస్సులన్నీ లేటు. ఆఖరికి డిపోవాళ్ళు, నువ్వు తోలింది చాల్లే అని చెక్కగదిలో కూర్చోబెట్టారు. ఇరవై ఏడేళ్ళ సర్వీసండీ, ఒక్క గీత పడలేదు." నవ్వాడు. "ఇప్పుడు కూడా ఇంట్లో తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తున్నాను. మా ఆవిడ పేరు పెట్టింది, మూడుసార్ల మొగుడని."

మేస్త్రి జేబులో గుడ్డ గుండె మీద వేలు పెట్టి పొడుస్తున్నట్టుంది. ఒక్కమాట చెబితే అయిపోతుంది. నోరు తెరిచాడు. "టీ తాగుతారా?" అన్నాడు.

ఇంకో రెండు రోజులు అలాగే గడిచాయి. ఇంట్లో ఎవరైనా ఏదైనా పోయిందంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. జపాన్ ఇంజను తెప్పించమని డ్రైవరుకి ఫోను చెయ్యాలి, చెయ్యడు. వద్దని చెప్పాలి, చెప్పడు. గుడ్డని పొయ్యిలో పడేస్తే పోతుంది గదా అని రెండుసార్లు పొయ్యి దాకా వెళ్ళాడు. పడెయ్యలేక మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. చొక్కా కూడా మార్చలేదు.

శనివారం మధ్యాహ్నం భార్య ఆ చొక్కా లాక్కుని ఉతకడానికి పడేసింది. జేబులు తడిమింది. గుడ్డ తీసి రెండువైపులా తిప్పి చూసింది. ముప్ఫయ్యేళ్ళుగా ఆవిడ కత్తిరిస్తూ వచ్చిన గుడ్డల్లో ఒకటి.

"ఏమండీ, ఇది ఎక్కడిది?"

చెప్పేశాడు. గోడా, గీతలూ, పళ్ళతో చింపడం, కడ్డీ, బ్లాకు చీలిందన్న అబద్ధం, మూడుసార్ల మొగుడు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆవిడ సబ్బుచేతులతో అలాగే నిలబడింది. తిడుతుందేమోనని చూశాడు. తిట్టినా బాగుండేది.

"గుడ్డ చింపితే రెండు లెక్క. నాకు మొదటిరోజు చెప్పిన పాఠం అదే. మీకు చెప్పలేదా నేను?" అంది చివరికి.

"చెప్పే ఉంటావు."

"మా దగ్గర లెక్క తేడా వస్తే ఏం చేస్తారో తెలుసా? ఎంత పెద్ద డాక్టరైనా కుట్టు వెయ్యనివ్వం. అందరూ ఆగి వెతుకుతారు. పేషెంటు బల్ల మీదే ఉంటాడు." గుడ్డ అతని చేతిలో పెట్టింది. "ఆ డ్రైవరు మూడేళ్ళుగా బల్ల మీదే ఉన్నాడండీ."

"షెడ్డు మూసుకోవాల్సొస్తుందే."

"వస్తే రానీండి. నా జీతముంది" అని ఆవిడ చొక్కా ఉతుక్కోడానికి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున ఇంజను ఏదో తేల్చుకోవడానికి మాస్టారింటికి రమ్మని మేస్త్రి డ్రైవరుకి చెప్పాడు. అతను ముందే వచ్చి గేటు బయట నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఆ కాగితాలు.

"లోపలికి పదండి" అన్నాడు మేస్త్రి.

"నేనిక్కడే ఉంటాను. మీరెళ్ళి బావకి చెప్పండి. జపానుదే అని చెబితే ఆయన కొంచెం గొణుగుతాడు, మీరే సర్దిచెప్పాలి."

"మీరు రాకపోతే నేను చెప్పలేను" అని మేస్త్రి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. డ్రైవరు అతని మొహం చూసి లోపలికి నడిచాడు. గడప దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాడు. మూడేళ్ళ తరవాత దాటుతున్న గడప.

మాస్టారు వసారాలో కుర్చీలో ఉన్నాడు. బావమరిదిని చూసి మొహం తిప్పుకున్నాడు. అక్క వంటింట్లోంచి వచ్చి కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆగిపోయింది. గోడ మీద కారు బొమ్మలు. ఒకదాంట్లో పక్క సీట్లో ఎవరో కూర్చుని నవ్వుతున్నారు. మొహం పూర్తిగా గియ్యలేదు, అయినా ఎవరో తెలుస్తూనే ఉంది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందో లేదో గానీ, చెప్పడం మాత్రం పన్ను పీకించుకున్నట్టే. మేస్త్రి గుడ్డ తీసి మాస్టారి ముందున్న బల్ల మీద పరిచాడు.

"ఇది మీ ఇంజను జాలికి అడ్డం పడింది. ఇది నాది. నేను లోపల పెట్టి తియ్యడం మర్చిపోయాను. కడ్డీకి తడి లేకపోవడం, కారు ఎత్తులో రెండు రోజులు నిలబడి కార్చేసినందుకు. అది నాకు తెలిసుండాలి. తెలుసు. ఆలోచించలేదు. ఆయన మీదికి తోసేశాను. మొన్న బ్లాకు చీలిందన్నాను, అది కూడా అబద్ధం."

మాస్టారు ఆ గుడ్డని తదేకంగా చూస్తున్నాడు. మేస్త్రి తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాడు.

ముందు నోరు విప్పింది డ్రైవరు.

"అంటే ఆయిల్ ఉందా?"

"ఉంది."

"నిండుగా?"

"నిండుగానే ఉండుంటుంది."

"అంటే నేను చూశాను."

"చూశారు."

"నేను చూశాను" అని డ్రైవరు ఇంకోసారి అన్నాడు, ఈసారి ఎవరితోనూ కాదు. మెట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుని పెద్దగా ఏడ్చాడు. రిటైరు కాబోతున్న మనిషి, చిన్నపిల్లాడిలా. అక్క వెళ్ళి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యేసింది. "చూశావురా తమ్ముడూ. చూశావు" అంటూ ఆవిడా ఏడ్చింది.

మాస్టారు లేచాడు. రెండడుగులు వేసి బావమరిది ముందు నిలబడ్డాడు. కూర్చోవాలో, చెయ్యి పట్టుకోవాలో తెలియలేదు. "ఇనపకడ్డీని నమ్మాను రా. నిన్ను నమ్మలేదు" అన్నాడు.

మేస్త్రి మెల్లగా గేటువైపు తిరిగాడు. క్షమించమని అడగాలనుకున్నాడు, కానీ ఆ ముగ్గురి మధ్యలోకి వెళ్ళి అడిగే మొహం లేదు.

"ఆగండి" అన్నాడు మాస్టారు. మనిషి తిరిగి మాస్టారైపోయాడు. "ఇంజను సంగతి తేలలేదు. ఏరా, ఏది పెడదాం?"

మూడేళ్ళ తరవాత బావ అడిగిన మొదటి ప్రశ్న. డ్రైవరు ముక్కు తుడుచుకుని చేతిలోని కాగితాల్ని చూశాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"పాతదే బావా. దాని తప్పేం లేదుగా" అన్నాడు.

మాస్టారు తలూపాడు. మేస్త్రి మనసు ఒక్కసారి ఎగిరి గంతేసింది. రాత్రీ పగలూ కూర్చుని చేస్తాను, వెంట్రుకవాసి తేడా రాకుండా బిగిస్తాను అనబోయాడు.

"మీరు కాదు. మీ దగ్గర పని నేర్చుకుని వెళ్ళి కొత్త షెడ్డు పెట్టాడే, అతని చేత చేయిస్తాను. మీరు ఇంజను తీసుకెళ్ళి అతని దగ్గర దించండి. ఎందుకు పాడైందో మీ నోటితో మీరే చెప్పండి" అన్నాడు మాస్టారు.

సోమవారం మేస్త్రి ఇంజను వ్యానులో వేసుకుని వెళ్ళాడు. అక్కడ పనివాళ్ళంతా చుట్టూ మూగారు. అందరి ముందూ చెప్పాడు. ఒకప్పుడు అతని స్పానరు దెబ్బలు తిన్న ఆ శిష్యుడు అంతా విని, నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. "గుడ్డ చింపితే రెండు గీతలు గియ్యాలన్నమాట" అని మెల్లగా అని, తన గోడవైపు చూశాడు. ఆ గోడ మీదా సుద్దగీతలున్నాయి. నవ్వి ఉంటే మేస్త్రికి ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

నెలాఖరు రోజు ఉదయం మేస్త్రి డిపో ఎదురుగా టీకొట్టు పక్కన, స్తంభం వెనక నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. ఆ రోజు ఒక్క ట్రిప్పుకి బస్సు ఇమ్మని డ్రైవరు అడిగాడనీ, పైవాళ్ళు ఒప్పుకున్నారనీ తెలిసి వచ్చాడు. మీగడ రంగు కారు ఇంకా తయారవలేదు. అయినా బస్సు ముందు సీట్లో మాస్టారు కూర్చున్నాడు, పక్కన అక్కగారు. ఇందులో ఆవిడకి కూడా చోటుంది.

డ్రైవరు ఖాకీ చొక్కాలో నడుచుకుంటూ వచ్చాడు. బస్సు ముందు మూత లేపాడు. కడ్డీ లాగాడు, గుడ్డతో తుడిచాడు, మళ్ళీ ముంచి లాగి, వెలుగులో పట్టి చూశాడు. పెట్టేసి మూత వేశాడు. సీటెక్కాడు.

మేస్త్రి అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. ఒకటి.

స్తంభం వెనక అతను రెండోదాని కోసం చూశాడు. బస్సు స్టార్టయింది. గేటు దాకా వెళ్ళింది. అక్కడ ఆగుతుందేమోనని మెడ చాచి చూశాడు. ఆగలేదు. మలుపు తిరిగి వెళ్ళిపోయింది.